పాత తెలుగు పాఠాల్లో మాట వెతకడానికి ఈమ్యాక్స్: స్క్రిప్టులతో మలచుకున్న శోధనపై సమీక్ష

తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పాత పుస్తకాల పాఠాలను దించుకొని, వాటిలో ఒక మాటను ఏ కవి ఎక్కడ ఏ అర్థంలో వాడాడో చూడాలనుకునేవారికి, నిఘంటువుల కోసం ప్రయోగాలు ఏరేవారికి, ప్రూఫులు దిద్దేవారికి మంచి టెక్స్ట్ ఎడిటర్ అత్యవసరం. ఈ సమీక్ష గ్నూ ఈమ్యాక్స్ గురించి. అందులో మెయిలు చదవడం, ప్రోగ్రాములు రాయడం వంటి పనుల జోలికి నేను పోవడం లేదు. దానిలోని శోధన తెలుగుకు ఎంతవరకు పనికివస్తుంది, చిన్న స్క్రిప్టులతో (మనమే రాసుకునే ఆదేశాల వరుసలతో) దాన్ని ఎంతదూరం మలచుకోవచ్చు అన్నదే ఇక్కడి విషయం. నా తీర్పు ముందే చెబుతాను. దించుకున్నది దించుకున్నట్టు వాడితే ఈమ్యాక్స్ శోధన తెలుగుకు మిగతా ఎడిటర్ల కంటే కొద్దిగానే నయం. ఒక పేజీకి మించని స్క్రిప్టు జత చేశాక మాత్రం పాత తెలుగు పాఠాలను వెతకడానికి ఇంతకంటే మంచి సాధనాన్ని నేను వాడలేదు.

స్క్రిప్టు అవసరం ఎందుకు వస్తుందో పోతన భాగవతంలో అందరికీ నోటికి వచ్చిన ‘పలికెడిది భాగవతమట’ పద్యంలోనే కనిపిస్తుంది. అందులో ‘పలికిన’ అన్న మాటను వెతికితే ఏ ఎడిటరూ చూపించదు, ఎందుకంటే ద్రుతం మీద సరళాదేశం జరిగి, అంటే ప బగా మారి, అది ‘నేఁ బలికిన’ అయింది. ‘వేరొండు’ అని వెతికినా దొరకదు, పాఠంలో ఉన్నది బండిరతో ‘వేఱొండు’. ‘పలుకగ’ అని వెతికినా దొరకదు, అక్కడా ప బ అయింది, పైగా మధ్యలో అరసున్న ఉంది. నాలుగు పాదాల కందపద్యంలోనే మూడు మాటలు ఇలా తప్పించుకుంటే, పన్నెండు స్కంధాల గ్రంథంలో ఎన్ని తప్పించుకుంటాయో పాఠకులు ఊహించవచ్చు. వెతికినవారికి ‘ఈ మాట ఇక్కడ లేదు’ అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు మీద ఆధారపడి ఎవరైనా ఒక వ్యాసం రాస్తే అందులో తప్పు నిలిచిపోతుంది. అందుకే దీన్ని కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయంగా నేను చూడలేను.

ఈ చిక్కు పాత గ్రంథాలకే పరిమితం కాదు. ఇప్పటి వార్తలు, వ్యాసాలు తీసుకున్నా ‘హైదరాబాద్’ అని ఒకరు రాస్తే ‘హైదరాబాదు’ అని మరొకరు రాస్తారు. ‘ఆఫీస్’, ‘ఆఫీసు’ పక్కపక్క వాక్యాల్లోనే కనిపిస్తాయి. వీటికి తోడు కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట కింద వ ఒత్తుగా మారిపోకుండా పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును పెడతారు. యూనికోడ్ పట్టికలో దాని సంఖ్య 200సి. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే చేరుస్తాయి, కొన్ని చేర్చవు. తెరమీద ఒకేలా కనిపించే రెండు మాటల్లో ఒకటి శోధనకు దొరికి రెండోది దొరకకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఈమ్యాక్స్‌లో ఆ అక్షరం మీద కర్సర్ నిలిపి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్స్, సమానం గుర్తు నొక్కితే ఆ చోట ఉన్న గుర్తు ఏమిటో, దాని సంఖ్య ఎంతో, ఏ ఫాంటుతో చూపిస్తున్నదో ఒక చిన్న కిటికీలో వివరంగా వస్తుంది. ఈ ఒక్క ఆదేశం కోసమైనా ప్రూఫులు దిద్దేవారు ఈ ఎడిటర్‌ను దగ్గర ఉంచుకోవచ్చు.

ఈమ్యాక్స్ 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఒక పాత ఎడిటర్‌కు రాసుకున్న మాక్రోల (పలు ఆదేశాలను ఒకటిగా కట్టే చిన్న స్క్రిప్టుల) గుంపుగా పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో బయటికి తెచ్చాడు. స్క్రిప్టుల నుంచే పుట్టిన ఎడిటర్ కావడం వల్ల దానిలోని ఆదేశాల్లో చాలావరకు, శోధనతో సహా, ఈమ్యాక్స్ లిస్ప్ అనే భాషలో రాసి ఉంటాయి. ఏ ఆదేశాన్నైనా తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు. కంట్రోల్-ఎస్ నొక్కగానే మొదలయ్యే శోధన, ఒక్కొక్క అక్షరం టైపు చేస్తున్న కొద్దీ ముందుకు సాగుతుంది. మనకు ఎక్కువ పనికివచ్చే సంగతి మరొకటి. టైపు చేసిన మాటకూ, ఫైలులో నిజంగా వెతికే నమూనాకూ మధ్యలో మన సొంత ఫంక్షన్‌ను నిలబెట్టేందుకు ఈమ్యాక్స్ ఒక చోటు ఇస్తుంది. ఆ ఫంక్షన్ మన మాటను తీసుకొని దాని నుంచి, పలు రూపాలను ఒకేసారి సూచించే సంకేతాల నమూనా అయిన ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను తయారు చేసి ఇస్తే, మిగతా యంత్రాంగమంతా దాన్నే తన నమూనాగా వాడుకుంటుంది. 2016లో వచ్చిన 25వ వెర్షన్ నుంచి ఉన్న ‘క్యారెక్టర్ ఫోల్డింగ్’ సౌకర్యం కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. అది యూరప్ భాషల అక్షరాల మీది గుర్తులను పట్టించుకోకుండా వెతకడానికి పుట్టినది కాబట్టి మన అరసున్నకూ బండిరకూ దానివల్ల ఒరిగేది లేదు. కానీ అది నిలబడిన చోటులోనే మన ఫంక్షన్‌ను పెట్టుకోవచ్చు. దాన్ని వేయడానికి, తీయడానికి శోధన మధ్యలోనే పనిచేసే ఒక మీటను కేటాయించే మాక్రో కూడా సిద్ధంగా ఉంది. ఆల్ట్-ఎస్ తరువాత టి నొక్కితే తెలుగు శోధన వచ్చేలా నేను పెట్టుకున్నాను.

ఆ ఫంక్షన్ చేసే పని సూత్రంలో చాలా సరళం. టైపు చేసిన మాటను ఒక్కొక్క గుర్తుగా విడదీసి, ప్రతి గుర్తుకూ బదులుగా రాగల ప్రత్యామ్నాయాలను రాస్తూ పోతుంది. ర వస్తే ర, ఱ రెండూ ఉన్న గుంపును రాస్తుంది. చ, జ వస్తే వాటి పక్కన ౘ, ౙ లను చేరుస్తుంది; ఈ దంత్య అక్షరాలకు యూనికోడ్‌లో 2008లోనే చోటు దొరికింది కనుక అంతకుముందు ఎక్కించిన పాఠాల్లో అవి ఉండవు, తరువాతి వాటిలో ఉండవచ్చు. ప్రతి పొల్లు తరువాత ఆ కనిపించని గుర్తు ఉన్నా లేకున్నా ఫరవాలేదని చెబుతుంది. ప్రతి అక్షరం చివర అరసున్న ఉన్నా లేకున్నా ఫరవాలేదని చెబుతుంది. మాట చివర పొల్లు గాని ఉకారం గాని ఉంటే ఆ రెంటిలో ఏదైనా సరేనంటుంది, దాంతో ‘హైదరాబాద్’ అని వెతికినా ‘హైదరాబాదులో’ దొరుకుతుంది.

మాట చివరి సున్న దగ్గర కొంచెం ఆలోచించాలి. ‘పుస్తకం’ అని వెతికినప్పుడు పుస్తకము, పుస్తకమ్ము, పుస్తకంబు, పుస్తకాలు, పుస్తకానికి అన్న రూపాలన్నీ రావాలి. విభక్తుల పట్టికనంతా స్క్రిప్టులో రాయనవసరం లేదు. ఈ రూపాలన్నింటిలో క తరువాత వచ్చే మొదటి గుర్తు సున్న గాని, మ గాని, దీర్ఘం గాని మాత్రమే. చివరి సున్నకు బదులు ఈ మూడింటి గుంపును రాస్తే సరిపోతుంది. మాట మధ్యలోని సున్నకు మరో ఏర్పాటు కావాలి. ‘సంపద’ను ‘సమ్పద’ అనీ, ‘అంత’ను ‘అన్త’ అనీ అచ్చు వేసిన పాత పుస్తకాలున్నాయి కాబట్టి, తరువాతి హల్లు ఏ వర్గానిదో చూసి ఆ వర్గపు అనునాసికాన్ని సున్న పక్కన చేర్చాలి, దాని వెనుక పొల్లు ఉన్నా లేకున్నా సరే అనాలి. రేఫ తరువాత హల్లును ద్విత్వంగా రాసే పాత అలవాటు వల్ల ‘ధర్మము’ ‘ధర్మ్మము’గా, ‘పూర్వము’ ‘పూర్వ్వము’గా ఉంటాయి. అక్కడ రెండో హల్లును ఐచ్ఛికంగా చేర్చడం తేలికే, అయితే ‘అర్థము’ పాత అచ్చులో ‘అర్త్థము’ అవుతుంది గనుక మహాప్రాణాల ముందు అల్పప్రాణాన్ని పెట్టాలని స్క్రిప్టుకు చెప్పాలి. మన వ్యాకరణంలో చిన్నప్పుడు నేర్చుకున్న సూత్రాలు ఇంత నేరుగా ప్రోగ్రాము వరుసలుగా మారడం చూస్తే నాకు నిజంగా సంతోషం కలుగుతుంది.

నమూనా చివర మరొక ముక్కను చేర్చాలి. ఈమ్యాక్స్ శోధన కోడ్‌లను ఒక్కొక్కటిగా పోలుస్తుంది కాబట్టి ‘పుస్తక’ అని టైపు చేస్తే ‘పుస్తకాలు’లోని భాగం దొరుకుతుంది గాని, రంగు పులిమేది క వరకే. దీర్ఘం విడిపోయి చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది, పేజీ నిండా ఇలా విరిగిన అక్షరాలు కనిపిస్తే చదవడం కష్టం. నమూనా చివర గుణింతపు గుర్తులు ఎన్ని ఉన్నా కలుపుకొమ్మని రాస్తే రంగు అక్షరం చివరిదాకా వెళ్తుంది. స్క్రిప్టు రాసేటప్పుడు కూడా గుణింతాలను, పొల్లును అక్షరాలుగా కాక యూనికోడ్ సంఖ్యలుగా రాసుకోవడం మేలు. లేకపోతే బ్రాకెట్లకు అతుక్కుపోయి ఏది ఎక్కడుందో తెలియదు.

పద్యకావ్యాల కోసం నేను రెండో మీటను వేరుగా పెట్టుకున్నాను. మొదటి అక్షరం పరుషమైతే సరళాలనూ గసడదవలనూ చేర్చడం దీని పని: క ఉన్నచోట గ, చ ఉన్నచోట జ, స, ట ఉన్నచోట డ, త ఉన్నచోట ద, ప ఉన్నచోట బ, వ. దీనితో ‘పలికిన’ వెతికితే ‘బలికిన’ వస్తుంది, ‘తండ్రులు’ వెతికితే ‘తల్లిదండ్రులు’ వస్తుంది. పద్యాల్లో మాట ఒక పాదం చివర మొదలై తరువాతి పాదంలో ముగియడం మామూలు విషయం కాబట్టి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ గాని కొత్త వరుస గాని ఉన్నా అడ్డు కాదని ఇదే మీట చెబుతుంది. పాత అచ్చులో ‘రామభద్రుం డట’ అన్నట్టు సంధి చేసిన మాటను విడదీసి వేసే పద్ధతి కూడా ఈ ఏర్పాటుతో లొంగుతుంది. అచ్చుసంధులకు మాత్రం ఈ పద్ధతి చాలదు. ‘ఇంద్రుడు’ అని వెతికితే ‘రాజేంద్రుడు’ రాదు. గుణ, యణాదేశ సంధులను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లతో పట్టబోతే నమూనా పెరిగిపోయి, అక్కరలేని ఫలితాల మధ్య కావలసింది మునిగిపోతుంది. అక్కడ మాట మొదటి అచ్చును వదిలేసి ‘ంద్రుడు’ అని వెతకడమే నేను అనుసరించే మార్గం.

ఇంత వదులుగా వెతికితే తప్పుడు ఫలితాలు వస్తాయి. ‘అంత’ కోసం వెతికితే ‘అనత’ అన్న అక్షరాలు ఉన్న మాటలూ తగులుతాయి. కావ్యాల మీటతో ‘పని’ వెతికితే ‘వని’, ‘బని’ ఉన్న మాటలు వరుసకట్టి వస్తాయి. ఇది నాకు లోపంగా అనిపించదు. ఉన్న మాటను లేదని చెప్పే శోధన కంటే నాలుగు ఎక్కువ చూపించి ఏరుకొమ్మనే శోధన పరిశోధకులకు మేలు. ఏరుకోవడానికి ఈమ్యాక్స్‌లో ఉన్న ఏర్పాటు కూడా గొప్పది. శోధన మధ్యలో ఆల్ట్-ఎస్, ఓ నొక్కితే ‘అకర్’ అనే పట్టిక వస్తుంది. అందులో ఆ మాట ఉన్న వరుసలన్నీ వరుస సంఖ్యలతో ఉంటాయి, దేనిమీద ఎంటర్ నొక్కితే ఆ చోటుకు తీసుకుపోతుంది. పట్టికలో ఇ నొక్కితే అది దిద్దడానికి తెరుచుకుంటుంది, అక్కడ చేసిన మార్పు అసలు ఫైలులో కూడా జరిగిపోతుంది. స్కాన్ నుంచి యంత్రం చదివిన పాఠంలో ఒకే రకమైన పొరపాటు వందచోట్ల ఉన్నప్పుడు, అన్నింటినీ ఒకే పేజీలో చూస్తూ, మార్చవలసినవి మాత్రమే మార్చడానికి ఇంత అనుకూలమైన పద్ధతి మరొకటి నాకు తెలియదు. 27వ వెర్షన్ నుంచి ఎన్ని చోట్ల దొరికిందో, ఇప్పుడు ఎన్నో దాని మీద ఉన్నామో చూపించే లెక్క కూడా ఉంది. దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. శోధన మధ్యలో నుంచే మార్పిడి ఆదేశానికి వెళ్లవచ్చు, అప్పుడు అదే వదులు నమూనా మార్పిడికి కూడా వర్తిస్తుంది. ‘వాడు’ అన్న మాటను మార్చబోతే ‘వాఁడు’ కూడా మారిపోతుంది, పాత పాఠం కొత్త వర్ణక్రమంలోకి జారిపోతుంది. వెతకడానికి వదులు మీట, మార్చడానికి మామూలు శోధన అన్న నియమాన్ని గట్టిగా పాటించాలి. వికీసోర్స్‌లో పుస్తకాన్ని అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించేవారికి ఇది మరీ ముఖ్యం.

ఒక ఫైలులో కాక ఫోల్డరు మొత్తంలో వెతకాలంటే నేను రిప్‌గ్రెప్ అనే ప్రోగ్రామును జత చేసుకున్నాను. ఆండ్రూ గాలంట్ రస్ట్ భాషలో రాసి 2016లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాము చాలా వేగంగా పనిచేస్తుంది, యూనికోడ్‌ను మొదటి నుంచీ సరిగా అర్థం చేసుకుంటుంది. ఈమ్యాక్స్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లలో గుండ్రటి బ్రాకెట్లకూ ‘ఇదీ లేక అదీ’ అన్న గీతకూ ముందు బ్యాక్‌స్లాష్ (వెనుక-గీత) పెట్టాలి, రిప్‌గ్రెప్‌లో పెట్టకూడదు. మన ఫంక్షన్‌ను చదరపు బ్రాకెట్ల గుంపులతోనూ, ప్రశ్నార్థకంతోనూ, నక్షత్రంతోనూ మాత్రమే రాస్తే ఈ తేడా అడ్డురాదు, ఒకే నమూనా రెండు చోట్లా పనిచేస్తుంది. పైన సున్నకూ ద్విత్వానికీ నేను ఎంచుకున్న పద్ధతుల వెనుక ఈ కారణం కూడా ఉంది. పాదాల మధ్య విరిగిన మాటలకు మాత్రం రిప్‌గ్రెప్‌కు వరుసలు దాటి వెతకమని విడిగా చెప్పాలి.

విమ్ అనే మరో ఎడిటర్ వాడేవారు ‘మాకూ స్క్రిప్టులు ఉన్నాయి కదా’ అంటారు, అది నిజమే. అయితే తెలుగు విషయంలో విమ్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది. అది గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను ముందున్న అక్షరానికి అతికిన భాగాలుగా చూస్తుంది కనుక, ‘పుస్తక’ అని వెతికితే ‘పుస్తకం’ గాని ‘పుస్తకాలు’ గాని దొరకవు. అతికిన గుర్తులను దాటిపొమ్మని చెప్పే సంకేతం ఒకటి ఉంది, దాన్ని చివరి అక్షరం వెనుక స్క్రిప్టుతో చేర్చవచ్చు. కానీ టైపు చేస్తుండగానే కనిపించే శోధన మనం కొట్టిన అక్షరాలనే చూస్తుంది, మార్చిన నమూనా ఎంటర్ నొక్కాకే అమలవుతుంది. పైగా ఆ కనిపించని గుర్తు విమ్ తెరమీద కోణపు బ్రాకెట్లలో 200సి అన్న సంఖ్యగా ప్రతి ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలోనూ కనిపించి చదువుకు అడ్డం వస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ ఫోల్డరు శోధనకు రిప్‌గ్రెప్‌నే వాడుకుంటుంది, తెలుగును అందంగా చూపిస్తుంది. కానీ వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను ప్రతిసారీ చేతితో రాసుకోవాలి. అప్పుడప్పుడు ఒక మాట వెతికేవారికి అది చాలు.

ఈమ్యాక్స్‌లో ఇబ్బందులు లేవని కాదు. మొదటి వారాల్లో మీటలు చేతికి అలవాటు కావడం నిజంగా కష్టమే, ఆదేశాల పేర్లు, వివరణలు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, లిస్ప్ బ్రాకెట్లు కొత్తవారిని భయపెడతాయి. తెలుగు టైపు చేయడానికి లోపలే ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు ఉన్నాయి, శోధన మధ్యలో కూడా కంట్రోల్-వెనుకగీతతో వాటిని మార్చుకోవచ్చు. అయితే వేరే కీబోర్డు అమరికకు అలవాటుపడ్డవారు ఆపరేటింగ్ సిస్టమ్ కీబోర్డునే వాడటం సుఖం, అప్పుడు కంట్రోల్ మీటలు కొట్టేముందు ఇంగ్లీషుకు మారాల్సి రావచ్చు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీలో వాడితే తెలుగు ఎలా కనిపిస్తుందన్నది ఆ టెర్మినల్ మీద ఆధారపడుతుంది, చాలావాటిలో ఒత్తులు చెదిరిపోతాయి. సొంత కిటికీలోనే తెరవాలి. పేరా అంతా ఒకే పొడవైన వరుసగా ఉన్న ఫైళ్లు పాత వెర్షన్లలో బాగా నెమ్మదించేవి, 2023లో వచ్చిన 29వ వెర్షన్‌తో ఆ బాధ చాలావరకు తగ్గింది.

మొదలుపెట్టదలచినవారు కనీసం 27వ వెర్షన్ తీసుకోవాలి, ఎందుకంటే 2020లో వచ్చిన దానితోనే అక్షరాల కూర్పు హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము చేతికి వెళ్లి తెలుగు ఒత్తులు కుదురుగా కనిపించడం మొదలైంది. వీలైతే 29 గాని ఆ పైది గాని నేరుగా తీసుకోవడం ఉత్తమం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉచితంగానే దొరుకుతుంది. తెలుగు లిపికి మాత్రమే నోటో వంటి ఫాంటును కేటాయించి, ఇంగ్లీషుకు వేరేది ఉంచుకోవచ్చు. తెచ్చుకున్న పాఠాలను ముందుగా, విడి గుర్తులను ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ పద్ధతి అయిన ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చే ఆదేశం లోపలే ఉంది, ఐత్వాన్ని రెండు కోడ్‌లుగా రాసిన ఫైళ్లు దానితో చక్కబడతాయి. స్క్రిప్టును ఒకేసారి మొత్తం రాయాలని కూర్చోకుండా, కనిపించని గుర్తును దాటే ముక్కతో మొదలుపెట్టి, అది పనిచేస్తున్నదని తెలిశాక అరసున్న, బండిర, ఆ తరువాత సున్న, చివరికి సరళాదేశాలు చేర్చుకుంటూ వెళ్లాలి. అరసున్న, బండిర, సరళాదేశాల ముక్కలను పైన చెప్పిన కందపద్యం మీదే పరీక్షించుకోవచ్చు.